సుగుణ ఎం.ఏ. దేనికి సమానం?

1974 జూన్ పదో తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు నేనూ మా సుగుణా తిరువూరులో ఒక ఆఫీసరుగారి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. హైదరాబాదుకు బయలుదేరేది మర్నాడు. అయినా మా ప్రయాణం ఆ వరండాలోనే మొదలైందని నా లెక్క. అక్కడ ఎదురైన ప్రశ్నే హైదరాబాదు దాకా మా వెంట వచ్చింది. ఇలాంటి పని మీదే వెళ్లేవారికి పనికొస్తుందని జరిగినదంతా వరసగా రాస్తున్నాను.

సుగుణ మా పెద్దమ్మాయి కూతురు. ఇరవై మూడేళ్లు. వాళ్లమ్మ పెనుగొలనులో టీచరు. నేను మిషన్ బడిలో ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. బి.ఏ. అవగానే తాను బి.ఇడి. చదువుతానని సుగుణ అంది. వద్దన్నది నేను. ఇంట్లో ఇద్దరు టీచర్లు చాలనుకుని, పేపర్లో పడిన ఒక ప్రకటన కత్తిరించి, దరఖాస్తు కూడా నా చేత్తోనే నింపాను. ఒక దూరపు విశ్వవిద్యాలయంలో కొత్తగా పెట్టిన ఎం.ఏ. అది. ఆగ్నేయాసియా దేశాల అధ్యయనం. బర్మా, సయాం, జావా దేశాల చరిత్రా ఆర్థిక సంగతులూ చెబుతారు. బర్మా భాష తప్పనిసరిగా నేర్చుకోవాలి. హాస్టలు ఉచితం, నెలకు వంద రూపాయల స్కాలర్‌షిప్పు. వాళ్లు పంపిన చిన్న పుస్తకంలో ఆఖరి పేజీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఈ చదువు పూర్తి చేసినవారికి మ్యూజియాలు, రేడియో, గ్రంథాలయాలు, అనువాద శాఖలు, రాయబార కార్యాలయాలు ఎదురు చూస్తున్నాయని రాశారు.

సుగుణ సెకండు క్లాసులో పాసై ఇంటికి వచ్చి పద్నాలుగు నెలలైంది. ఎదురు చూస్తున్నవారెవరూ కనబడలేదు. నాలుగు చోట్లకు రాస్తే నాలుగు చోట్ల నుంచీ అర్హత లేదని జవాబు. ఐదోది హైదరాబాదులో ఉద్యోగం. మ్యూజియం చూడవచ్చినవారికి వస్తువుల సంగతి వివరించి చెప్పాలి. దానికి మాత్రం పిలుపు వచ్చింది. పన్నెండో తేదీ బుధవారం పది గంటలకు ఇంటర్వ్యూ. ఇదీ కాదంటే ఇక ఆ సర్టిఫికెట్టు ఎవరికీ చూపించననీ, తిరువూరులోనే టైపు నేర్చుకుని ఏదో గుమాస్తా పని వెతుక్కుంటాననీ సుగుణ నాతో చెప్పేసింది. కోపంగా చెప్పి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. మామూలుగా చెప్పింది.

ఆఫీసరుగారి దగ్గర మా పని చిన్నది. సర్టిఫికెట్ల నకళ్లు టైపు చేయించి, అసలులో ఉన్నదే నకలులోనూ ఉందని గెజిటెడ్ ఆఫీసరు చేత ఆకుపచ్చ సిరాతో సంతకం చేయించుకోవాలి. ఆయన బి.ఏ. నకళ్ల మీద గబగబా మూడు సంతకాలు పెట్టి, ఎం.ఏ. దగ్గర కలం ఆపారు.

"ఇదేంటమ్మా, ఆసియా అని ఉంది?"

"సబ్జెక్టండి."

"నేనెప్పుడూ వినలేదే. లేనిదానికి సంతకం పెడితే రేపు నా మెడకు చుట్టుకుంటుంది."

"ఆ సబ్జెక్టు ఉందని తమరు పూచీ పడక్కర్లేదండి. రెండు కాగితాలూ ఒకటేనని పెడితే చాలు."

"మీరు టీచరమ్మగారు, మీకు నేను చెప్పాలా? హిస్టరీ అని ఉంటే కళ్లు మూసుకుని పెట్టేవాణ్ణి."

కళ్లు తెరిచి చూసి పెట్టాల్సిన సంతకం అది. ఆ మాట పైకి అనకుండా లేచి వచ్చాను. చివరికి సంతకాలు పెట్టింది పశువుల డాక్టరుగారు. ఆయనా గెజిటెడే, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఒక గేదె పని ముగించి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, కాగితాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చారు. రిజిస్టరు నంబరులో ఒక అంకె తప్పు పడిందని పట్టుకుని దిద్దించారు. "నాకూ తెలియదమ్మా ఈ సబ్జెక్టు. తెలియకపోతే సంతకం పెట్టకూడదా ఏం?" అన్నారు. నాలుగు రోజుల్లో మేము కలిసిన ఆఫీసర్లలో తన పని తాను చేసింది ఈయనొక్కరే.

మంగళవారం తెల్లవారి ఐదుంబావు బస్సు. విజయవాడకు తలకు మూడు రూపాయల తొంభై పైసలు. టాపు నిండా మామిడికాయల గంపలు. వాటి తాలూకు వ్యాపారి, విస్సన్నపేట మనిషి, మా పక్క సీట్లో కూర్చుని ఆరా తీశాడు.

"పాప ఏం చదివిందండీ?"

నాకు చేతనైనంత వివరంగా చెప్పాను. బర్మా అన్నాను, సయాం అన్నాను, భాష అన్నాను. అతను శ్రద్ధగానే విన్నాడు.

"మావాడు ఫిట్టరండి. ఎవరడిగినా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మీరు ఎ.కొండూరులో మొదలెడితే మైలవరం వచ్చేసింది."

సుగుణ కిటికీ వైపు తిరిగి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎనిమిది దాటి ఐదు నిమిషాలకు విజయవాడ చేరాం. స్టేషను బయట ఇడ్లీలు తిని, తొమ్మిదీ నలభైకి సికింద్రాబాదు వెళ్లే పగటి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. గత నెల సమ్మెలో ఆగిపోయిన రైళ్లు తిరగడం మొదలై పదిహేను రోజులే కాబట్టి జనం విపరీతంగా ఉన్నారు. వెళ్లేవారు గంట ముందు చేరుకుంటే మంచిది. మూడో తరగతిని తీసేసి అంతా రెండో తరగతి చేశామని ఈ ఏడు ప్రకటించారు. మేము కూర్చున్నది ఆ పాత మూడో తరగతి చెక్క బల్ల మీదే. పెట్టె మీద అంకె మార్చడానికి మాత్రం ఏ ఆఫీసూ ఎవరి దగ్గరా సర్టిఫికెట్టు అడిగినట్టు లేదు.

మా ఎదురుగా నాకంటే ఐదారేళ్లు చిన్నది, సన్నటి మనిషి, ఒళ్లో ఒక రేకు డబ్బా పెట్టుకుని కూర్చుంది. పేరు సన్యాసమ్మ. పుట్టింది శ్రీకాకుళం జిల్లా, పెళ్లయి కాపురం చేసింది రంగూన్ దగ్గర, పదేళ్ల క్రితం అక్కడి ప్రభుత్వం కొట్లన్నీ లాగేసుకుంటే కట్టుబట్టలతో వచ్చిన వేలమందిలో ఒకతె. ఇప్పుడు విజయవాడ దగ్గర కాలనీలో ఉంటోంది. భర్త పోయాడు. బర్మాలో వ్యాపారం ఉన్నట్టు కాగితం చూపిస్తే ఇక్కడ కొట్టు పెట్టుకోవడానికి ప్రభుత్వం అప్పు ఇస్తుందట.

"కాయితం ఉందమ్మా. అదే సూపించినాను. అది బర్మా రాత, మాకు తెల్దు, తెలుగులోకో ఇంగిలీసులోకో రాయించి తెమ్మన్నారు. ఈ రాస్ట్రంలో అది సదివేవోలు లేరని ఆలే సెప్పీసినారు. మరి నానెవుల్ని తెచ్చీది?"

సుగుణ చెయ్యి చాపింది. డబ్బాలోంచి నాలుగు మడతల కాగితం వచ్చింది. మడతల దగ్గర చిరిగి, వెనక గుడ్డ అతికించి ఉంది. సుగుణ ముందు ఆ భాషలో పైకి చదివింది. ఆ మాటలు చెవిన పడగానే సన్యాసమ్మ రెండు చేతులూ డబ్బా మీద నుంచి తీసేసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత సుగుణ తెలుగులో చెప్పింది. టీ కొట్టు నడుపుకోవడానికి మునిసిపాలిటీ ఇచ్చిన లైసెన్సు. కొట్టు ఫలానా వీధిలో, ఫలానా నంబరు. యజమాని పేరు సన్యాసమ్మ.

"ఆయన పేరు కదమ్మా?"

"కాదండి. మీ పేరే. మీ నాన్నగారి పేరు కూడా రాశారు చూడండి, అప్పన్న అని."

"నా పేరెట్టీసినాడా?" అంది. "ముప్పై ఏల్లు కాపరం సేసినాను, ఒక్కనాడూ సెప్పనేదు" అని కాగితం తీసుకుని, తనకు రాని ఆ అక్షరాల్లో తన పేరు ఎక్కడుందో చూపించమని సుగుణ వేలు పట్టుకుంది. ఖమ్మం వచ్చేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

ఆమె వెళ్లాల్సిన ఆఫీసూ, సుగుణకు ఇంటర్వ్యూ జరిగే ఆఫీసూ నాంపల్లి దగ్గర ఒకే ఆవరణలో ఉన్నాయని మాటల్లో తెలిసింది. అనువాదం రాసి మర్నాడు అక్కడే ఇస్తానని సుగుణ చెప్పింది. సాయంత్రం నాలుగూ ముప్పావుకి సికింద్రాబాదులో దిగి, ఆడవాళ్ల వసతి గృహంలో మంచానికి రోజుకు నాలుగు రూపాయల చొప్పున రెండు మంచాలు తీసుకున్నాం. శుభ్రంగా ఉంది. నీళ్లు ఉదయం ఏడు వరకే వస్తాయి, వెళ్లేవారు గుర్తుంచుకోవాలి.

బుధవారం తొమ్మిదిన్నరకే మ్యూజియం ఆఫీసు వరండాలో ఉన్నాం. పదకొండు మంది అభ్యర్థులు, అందులో ఆడపిల్లలు ఇద్దరు. వరండాలో అద్దాల బీరువాలో కొన్ని పాత వస్తువులు పెట్టారు. సుగుణ ఒక కంచు గంట దగ్గర వంగి చూసి నన్ను పిలిచింది.

"అమ్మమ్మా, చీటీ మీద చైనా గంట అని రాశారు. అంచు మీద ఉన్నది బర్మా రాత. చేయించినవాళ్ల పేర్లు, ఏ ఊరి విహారానికి ఇచ్చారో, అన్నీ ఉన్నాయి."

ఇంతకంటే మంచి శకునం ఉంటుందా అనుకున్నాను. పదింబావుకి కాగితాలు పరిశీలించే గుమాస్తా పిలిచాడు. ఒక అచ్చు జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికీ, కింది నుంచి పైకీ వెళ్లాడు.

"ఎం.ఏ. హిస్టరీ గానీ తత్సమానం గానీ ఉండాలమ్మా. ఇది జాబితాలో లేదు."

నేను సుగుణ సిలబసు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. మొత్తం ఎనిమిది పేపర్లు. ఐదింటి పేరులో చరిత్ర అనే ఉంది. ఒక్కొక్కటీ చదివి వినిపించాను.

"హిస్టరీ ఆఫ్ బర్మా అంటే బర్మా హిస్టరీ. మాక్కావాల్సింది హిస్టరీ" అన్నాడు.

"ఆ గంట మీద రాసింది చదవగలిగేవాళ్లు ఈ పదకొండు మందిలో ఈ అమ్మాయి ఒక్కతే నాయనా. మీ చీటీ తప్పు కూడా."

"చీటీలు వేరే సెక్షనమ్మా."

ఈ ఎం.ఏ. హిస్టరీతో సమానమని ఉన్నత విద్య చూసే ఆఫీసు నుంచి నాలుగు గంటల్లోగా కాగితం తెస్తే లోపలికి పంపుతానన్నాడు. సిటీ బస్సెక్కి అక్కడికి వెళ్లాం. ఇరవై పైసలు. పన్నెండు దాకా ఐదు బల్లల ముందు నిలబెట్టి, ఉద్యోగం ఇచ్చే ఆఫీసు అడిగితేగానీ మేము చెప్పం, అభ్యర్థులు అడిగితే చెప్పం అన్నారు. మళ్లీ ఇరవై పైసలు. మేము ఎవర్నీ అడగం, అభ్యర్థులే తెచ్చుకోవాలి అన్నాడు మొదటి గుమాస్తా. తెమ్మన్నట్టు ఒక చీటీ రాసివ్వమన్నాను. రాసివ్వడం రూల్సులో లేదన్నాడు. పోనీ, అర్హత లేదని పంపించేసినట్టయినా రాసివ్వమన్నాను. అదీ లేదు. అర్హత లేనిదాన్ని ఇంటర్వ్యూకి పిలిచిందెవరని అడిగితే, "పిలుపులు డిస్పాచ్ సెక్షనమ్మా" అన్నాడు. ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేశాను. పిల్లలు తాము చేసిన తప్పు పక్కవాడి మీద పెట్టడం బాగా ఎరుగుదును. కానీ అదే ఉద్యోగంగా చేసి నెల జీతం తీసుకునేవారిని అంతమందిని ఒక్క చోట చూడడం నాకు అదే మొదలు.

నాలుగు గంటలకు ఇంటర్వ్యూలు అయిపోయాయి. సుగుణను లోపలికి పిలవనేలేదు. అది కాగితాలన్నీ ఫైల్లో సర్ది, తాడు కట్టి, "పద అమ్మమ్మా. పాపం ఆవిడకి అనువాదం ఇచ్చేసి పోదాం. టైపు క్లాసులు ఒకటో తారీఖు నుంచి" అంది.

సన్యాసమ్మ పదకొండు గంటల నుంచీ పై అంతస్తులో మాకోసం కాచుకుని ఉంది. అక్కడి ఆఫీసరు నలభై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడే. సుగుణ రాసిన రెండు పేజీలు చదివాడు. చక్కగా ఉందన్నాడు. చెల్లదన్నాడు.

"గుర్తింపు పొందిన అనువాదకులు చేసిందైతేనే తీసుకోవాలమ్మా."

"బర్మా భాషకు అలాంటివారు ఎవరున్నారండీ?" అన్నాను.

"ఎవరూ లేరు. అదే ఇబ్బంది. ఆ బీరువా చూడండి, నిండా అవే కాగితాలు. ఐదేళ్లుగా ఉన్నాయి."

"అంటే, లేనివాళ్లు చేసిందే తీసుకుంటారు."

ఆయన కోప్పడలేదు. సుగుణ ఎం.ఏ. సర్టిఫికెట్టు అడిగి తీసుకుని చూశాడు. ఏమడుగుతాడో నాకు తెలుసు. అదే అడిగాడు.

"ఇది దేనికి సమానం?"

"మీ బీరువాకి సమానమండి" అన్నాను. గొంతు పెరిగింది. ప్యూను తొంగి చూశాడు. "దాని తాళంచెవి ఎదురుగా నిలబడి ఉంటే, ఏ కంపెనీ చేసిన తాళంచెవి అని అడుగుతున్నారు మీరు. మీరు చదవలేరు. చదివేవాళ్లను చదవనివ్వరు. ఈవిడ ఇల్లూ కొట్టూ వదిలి వచ్చి పదేళ్లైంది. అప్పు ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోకపోతే లేదని చెప్పండి. అంతేగానీ, అర్థమయ్యే కాగితాన్ని అర్థం కాలేదని అట్టే పెట్టకండి."

ఆయన కలం మూత బిగించాడు. తర్వాత ఒక దారి ఉందన్నాడు. గెజిటెడ్ ఆఫీసరు ధ్రువీకరించిన అనువాదమైతే చెల్లుతుందట. ఆయనా గెజిటెడే. అమ్మాయి అనువాదం చేసి ఇస్తే, సరైన అనువాదమని ఆయన సంతకం పెడతాడట.

"తమకు బర్మా భాష వచ్చాండీ?"

"రాదమ్మా."

తిరువూరులో కళ్లెదుట ఉన్న రెండు ఇంగ్లీషు కాగితాలు ఒకటేనని సంతకం పెట్టడానికి భయపడినవారొకరు. హైదరాబాదులో తెలియని భాష సరిగ్గా తెలుగైందని సంతకం పెట్టడానికి సిద్ధపడినవారొకరు. ఇద్దరిదీ ఒకే రూల్సు పుస్తకం. ఎవర్ని చూసి ఎక్కువ మండిపడాలో నాకు తెలియలేదు.

ఆయన ఇంకా చెప్పాడు. బీరువాలో ఉన్నవన్నీ అలాగే చేసిపెడితే పేజీకి రూపాయిన్నర చిల్లర ఖర్చుల కింద ఇప్పించగలడు. మూడు నెలల పని. ఉద్యోగం అనడానికి లేదు. కాగితం మీద అమ్మాయి పేరు మాత్రం ఉండదు. ఆయన సంతకమే ఉంటుంది.

"అక్కర్లేదు. పద" అన్నాను సుగుణతో.

సుగుణ కదల్లేదు. "అమ్మమ్మా, ఈ ఒక్కటీ నన్ను చెప్పనీ" అంది. నెమ్మదిగానే అంది. నేను నోరు మూసుకున్నాను.

"సార్, నేను చేస్తాను. రేపటి నుంచే. ప్రతి కాగితం కిందా అనువదించినది ఫలానా అని నా పేరు, పక్కన నా ఎం.ఏ. ఏ సబ్జెక్టో పూర్తిగా రాస్తాను. దాని కింద మీరు సంతకం పెట్టుకోండి."

"అది కుదరదమ్మా. గుర్తింపు లేని పేరు ఫైల్లో ఉంటే ఆడిట్ వాళ్లు అడుగుతారు."

అంతదాకా గోడవారన నిలబడిన సన్యాసమ్మ ముందుకొచ్చి, బల్ల మీద నుంచి తన కాగితం తీసుకుని మడవడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా, ఎందుకు తీసేస్తున్నారు?"

"సదివింది ఆ పిల్ల బాబూ. ఆ పిల్ల పేరు నేకపోతే నాకొద్దు. నా పేరు ఇందులో ఉందని పదేల్లు నాకు తెల్దు. ఇంకో ఆడకూతురికి అలాగ సెయ్యకండి."

"అప్పు రాదు మరి."

"పదేల్ల నుంచి వచ్చీసిందేటి?"

ఆఫీసరు కాగితం తిరిగి ఇమ్మని చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. ఆయన కలం తీసి సుగుణ ముందు పెట్టేదాకా ఇవ్వలేదు. ఐదుకు పది నిమిషాలు తక్కువగా సుగుణ తన పేరూ చదువూ రెండు వరసల్లో రాసింది. సబ్జెక్టు పేరు పొడవు. దాదాపు అంచు దాకా వెళ్లింది.

గురువారం సుగుణను ఆ ఆఫీసులో దింపి, వసతి గృహంలో మూడు నెలలకు మాట్లాడి, నేను శుక్రవారం ఉదయం ఏడున్నర రైల్లో ఒక్కదాన్నే బయలుదేరాను. ఈ ముగింపు చూసి ఎవరైనా అంతా శుభమే కదా అంటే నేను ఒప్పుకోను. మూడు నెలల తర్వాత ఏమిటో తెలియదు. నాలుగు రోజుల్లో తొమ్మిది బల్లల ముందు నిలబడ్డాం. చదువు ఏమిటని ప్రతిచోటా అడిగారు. ఏం వచ్చని ఒక్కచోటా అడగలేదు. పిల్లలను పిలిచి ఆ చదువు చదివించిన ప్రభుత్వమే దాన్ని తన జాబితాలో రాసుకోలేదు. గంట మీద చైనా చీటీ అలాగే ఉంది. వచ్చేముందు మళ్లీ వెళ్లి చూశాను. ఇందులో నా తప్పూ తక్కువేమీ కాదు. విశ్వవిద్యాలయం పంపిన చిన్న పుస్తకంలో ఆఖరి పేజీ చదివి నమ్మినదాన్ని, దరఖాస్తు నింపినదాన్ని నేనే. ఆ పుస్తకం పంపినవారికి ఈ వివరాలన్నీ తేదీలతో సహా రాసి, అచ్చు వేసిన ఆ పేజీ మార్చమని రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను.

కాజీపేటలో ఒక తండ్రీ కూతురూ ఎక్కారు. పిల్ల ఇంటర్మీడియట్ రాసి ఫలితాల కోసం చూస్తోంది. నేను టీచరుగా చేశానని తెలిసి తండ్రి నా వైపు జరిగాడు.

"మంచి మాట చెప్పండమ్మా. ఏం చదివిస్తే ఉద్యోగం వస్తుంది?"

ఒక్క ముక్కలో చెప్పే జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి. ముప్పై నాలుగేళ్లు ఎంతోమంది పిల్లలకు చెప్పాను, అడక్కుండానే చెప్పాను. నేను అతన్ని వదిలి కిటికీ పక్కనున్న పిల్ల వైపు తిరిగాను.

"నువ్వేం చదువుదామనుకుంటున్నావమ్మా?"

ఆ పిల్ల తండ్రి ముఖం చూసింది.

"అటు కాదు. ఇటు చూసి చెప్పు" అన్నాను. ఖమ్మం ఇంకా గంటన్నర ఉంది. తొందరేమీ లేదని, బాగా ఆలోచించుకునే చెప్పమన్నాను.